నాలుగు ఐదైన ఎండాకాలం

నాకు టైపు నేర్పింది ఆమె. కరీంనగర్‌లో మేం ఇంటర్ చదివే రోజుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సీటు దొరకడమే కష్టం. తెల్లారకముందే ఒక బ్యాచు, పొద్దుగూకినంక ఒక బ్యాచు. ఆమె అక్కడ నేర్పే మనిషి. సిరిసిల్ల దిక్కు నేత కుటుంబం వాళ్ళది. భర్త అక్కడే మరమగ్గం మీద పని చేస్తూ వారానికోసారి వచ్చిపోయేవాడు. ఆమె మా వెనక నిలబడి, మా వేళ్ళు చూడకుండా చప్పుడు విని మాత్రమే తప్పు పట్టేది. "ఉంగరపు వేలు ఎత్తుతలేవు నువ్వు" అనేది. అందరం అక్కా అనేవాళ్ళం.

తొంభైల్లో కంప్యూటర్లు వచ్చాక టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. అప్పటికి నేను డిగ్రీ అయిపోయి, ఆరునెలల కంప్యూటర్ కోర్సు చేసి, బస్టాండుకు కొంచెం అవతల రేకుల కప్పు కింద ఒక డి.టి.పి. సెంటర్ తెరిచాను. ఒక కంప్యూటర్, ఒక లేజర్ ప్రింటర్, ఒక జిరాక్స్ మిషన్. పెండ్లి కార్డులు, కరపత్రాలు, ప్రైవేటు బడుల ప్రశ్నపత్రాలు మా పని. నేనే అక్క ఇంటికి వెళ్ళి రమ్మని అడిగాను. తెలుగు కీబోర్డు కొత్తది కదా, ఎట్లా అనుకున్నాను గాని ఆమె పండుగ పూట కూడా వచ్చి నేర్చుకుని, నెల తిరక్కుండా నాకంటే వేగంగా కొట్టడం మొదలుపెట్టింది. గిరాకీలు కూర్చుని ఆమె చేతుల వంక చూసేవాళ్ళు. నలుగురి ముందు నన్ను సార్ అనేది. ఎవరూ లేనప్పుడు తమ్మీ అనేది.

కంప్యూటర్ మాత్రం నిదానం. దాంట్లో మెమరీ ఎనిమిది ఎంబీలే ఉండేది. మామూలు అక్షరాలకు సరిపోయేది గాని కార్డు మీద గణపతి బొమ్మో, పెండ్లి పిల్ల ఫొటోనో పెడితే తెర మీద అది గీత గీతగా దిగేది. మేం చాయ్ తాగి వచ్చేవరకు సగం ముఖం వచ్చి ఉండేది. ఫొటోల కార్డులన్నీ పక్క సెంటర్లకు పోతున్నాయి. మెమరీ పెంచాలని నిర్ణయించుకున్నాను.

హైదరాబాదు వెళ్ళి తెచ్చాను. దుకాణం అతను రెండు జతలు చూపించాడు. ఒకటి డబ్బాలో ఉన్నది, ఒకటి వేరే కంప్యూటర్లోంచి తీసినది. "తీసిందైనా చలేగా, ఫికర్ మత్ కరో" అన్నాడు, నడుస్తుంది దిగులు పడకని. ధర తక్కువని నేను తీసిందే తీసుకున్నాను.

దువ్వెనంత పొడవు ఉండే పచ్చటి ముక్కలు అవి, మీద వరుసగా నల్లటి చిప్పులు. మా కంప్యూటర్లో జతగానే పని చేసేవి. కవరు విప్పి, లోపలి గాడిలో ఏటవాలుగా దించి, నిలబెట్టి నొక్కితే టక్కుమని కూర్చోవాలి. నేను మొదటిసారి పెట్టి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండి, లోపల్నుంచి కీచుకీచుమని చప్పుడు వచ్చింది. బయటికి తీసి, వాటి దువ్వెన పండ్ల లాంటి బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఊది, మళ్ళీ పెట్టాను. ఈసారి తెర వెలిగింది. మూలన అంకెలు టకటకా పెరిగి ఇదివరకు ఆగే చోట ఆగకుండా ముందుకు పోయాయి. అక్క చప్పట్లు కొట్టింది. పక్క హోటల్ నుంచి మిర్చీలు తెప్పించింది. ఫొటో రెండు నిమిషాల్లో దిగింది.

"ఇగ మనల్ని పట్టేటోళ్ళు లేరు తమ్మీ," అంది.

కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఆ అంకెలు లెక్కపెట్టడానికి సమయం పట్టేది. మెమరీ మంచిగుందా లేదా అని మిషన్ తనకు తాను చేసుకునే పరీక్ష అది. గిరాకీ నిలబడి ఉంటే అది కూడా ఆలస్యమనిపించి, సెట్టింగుల్లోకి వెళ్ళి దాన్ని ఆపేశాను.

ఎండలు ముదిరాయి. అప్పుడు మొదలైంది.

మొదటిది సుల్తానాబాద్ వాళ్ళ పెండ్లి కార్డు. 'విచ్చేసి' అనే మాటలో ఒక అక్షరం బదులు అర్థం లేని మరో గుర్తు వచ్చింది. ప్రెస్‌కు పోకముందే చూశాను కాబట్టి సరిపోయింది. రెండోది ఎవరిదో గృహప్రవేశం, తేదీలో నాలుగు బదులు ఐదు పడింది. అది అచ్చయి వచ్చింది. వాళ్ళు వచ్చి గొడవ చేశారు. నేను మళ్ళీ వేయించి ఇచ్చాను.

"ఏందక్కా గిది? జర చూస్కోవద్దా?" అన్నాను.

ఆమె కార్డును దగ్గరగా పెట్టుకుని చూసింది. "నేను నాలుగే కొట్టిన గద తమ్మీ," అంది. కాసేపయ్యాక తనే మళ్ళీ, "ఏమో, చేయి జారిందో ఏందో," అంది.

ఆ మాట ఆమె నోట రావడం నాకు సరిపోయింది. ఇంక నేను వేరే ఆలోచన చేయలేదు. ప్రూఫు తీసినప్పుడు సరిగా ఉన్నది, దిద్దుబాట్లు చేసి ఫైనల్ తీసేసరికి తప్పు పడుతున్నదంటే, దిద్దేటప్పుడు చేయి తగిలిందనే కదా ఎవరైనా అనుకునేది. మధ్యాహ్నాలు మిషన్ అప్పుడప్పుడు బిగుసుకుపోయి నీలం తెర చూపించేది. పని ఎక్కువై అలసిపోతుందని అనుకున్నాను. మిషన్‌కు అలసట ఉంటుందని ఒప్పుకున్నాను గాని తప్పు ఉంటుందని అనుకోలేదు.

ఆమె ఒకరోజు తనకు తోచింది చెప్పింది కూడా. "తమ్మీ, పొద్దుగాల కొట్టింది మంచిగనే ఉంటున్నది. పగటీలికే గిట్లయితున్నది. ఎందుకంటవ్?"

"పగటీలి అన్నం తింటవు గదా, నిద్ర మత్తు ఉంటది," అన్నాను నేను. నవ్వుతూనే అన్నాను.

ఆమె నవ్వలేదు. మర్నాటి నుంచి టిఫిన్ డబ్బా తెరవడం మానేసింది. మొదట్లో నేను గమనించలేదు. గమనించిన రోజు అడిగితే, "ఆకలి కాలే," అంది. సాయంత్రం ఆ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళేటప్పుడు అది బరువుగా ఊగడం చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే మంచిదే అనుకున్నాను, కొంచెం శ్రద్ధ పెరిగిందని.

తర్వాత కండ్లద్దాలు పెట్టుకుని వచ్చింది. కండ్ల డాక్టరు చాలా చిన్న నంబరు రాశాడట, పెట్టుకున్నా పెట్టుకోకున్నా ఫరక్ లేదన్నాడట. అయినా తీసుకుంది. కాగితం మీద లైను కింద స్కేలు పెట్టి, ఒక్కో మాట కొట్టి, తల ఎత్తి తెర చూసి, మళ్ళీ కొట్టేది. అంత వేగం ఉన్న మనిషి చిన్నపిల్లలు కూడబలుక్కున్నట్టు కొడుతుంటే గిరాకీలకు విసుగొచ్చేది. నాకూ వచ్చేది. ఇంత చూసినా మధ్యాహ్నం తప్పులు మధ్యాహ్నం పడుతూనే ఉన్నాయి. ఆమె నన్ను సార్ అనడం మొదలుపెట్టింది, ఎవరూ లేనప్పుడు కూడా.

హుజూరాబాద్ దగ్గరి ఒక ప్రైవేటు బడివాళ్ళ సంవత్సరాంత పరీక్ష పేపర్లు ఆ ఏడు మాకు వచ్చాయి. హెడ్‌మాస్టరు ప్రూఫులు స్వయంగా చదివి, అంతా బాగుందని సంతకం పెట్టిపోయాడు. ఫైనల్ మధ్యాహ్నం తీశాం. పరీక్ష జరిగిన మర్నాడు ఆయన గణితం పేపరు చేతిలో పట్టుకుని వచ్చాడు. పన్నెండు మంది పిల్లలకు పెన్సిళ్ళు సమానంగా పంచాలన్న లెక్కలో పన్నెండు బదులు పదమూడు పడింది. పిల్లలు ఎన్నిసార్లు పంచినా మిగులుతున్నాయట. ఒక పాప చివరిదాకా ఆ ఒక్క లెక్క దగ్గరే కూర్చుని, మిగతావి రాయక, ఏడ్చుకుంటూ బయటికి వచ్చిందట.

"ఎవలు కొట్టిండ్రయ్యా గిది?" అన్నాడు ఆయన.

దుకాణంలో మరో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. నేను చేయి చాపి అక్కను చూపించాను. "ఈమెనే సార్. ఈ నడుమ గిట్లనే చేస్తుంది. ఇంకనుంచి ఈమె చేతికి మీ పని ఇయ్యను," అన్నాను.

అక్క కండ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "తప్పయింది సార్," అంది ఆయనతో. నా వైపు చూడలేదు. ఆయన వెళ్ళిపోయాక తనే లేచి వెళ్ళి జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడింది.

కొన్నాళ్ళు కాపీలు తీసింది, లామినేషన్లు చేసింది. కంప్యూటర్ వైపు తల తిప్పేది కాదు. ఒక సాయంత్రం తన దగ్గరుండే దుకాణం తాళంచెవి నా టేబుల్ మీద పెట్టింది.

"రేపట్నించి రాను సార్. ఇంటికాడ బీడీలు చేసుకుంట. మా అవ్వ చేసేది, చేతికి అలవాటే," అంది.

నేను ఉండమని ఒక మాట అన్నానేమో. గట్టిగా అనలేదని మాత్రం గుర్తుంది. ఆమె వెళ్తుంటే నాకు కొంచెం తేలికగానే అనిపించింది.

ఆ తర్వాత కొట్టడం నా పనే అయింది. ఒక పొద్దున ఒక సంఘం వాళ్ళ కరపత్రం కొట్టాను. నేనే చదువుకున్నాను, రెండుసార్లు. ఒక్క తప్పు లేదు. సేవ్ చేసి, ఊళ్ళో పని ఉంటే చూసుకుని, మధ్యాహ్నం వచ్చి ఆ ఫైలు తెరిచి ప్రింటు ఇచ్చాను. అందులో ఫోను నంబరులో నాలుగు ఐదైంది.

నేను దాన్ని ముట్టలేదు. దిద్దుబాటు లేదు, చేయి తగలడం లేదు. దుకాణానికి తాళం వేసి వెళ్ళింది నేనే, వచ్చి తాళం తీసింది నేనే.

వైరస్ అనుకున్నాను. ఫ్లాపీ పెట్టి వెతికించాను, ఏమీ దొరకలేదు. ఫాంటు చెడిందేమో అని తీసేసి మళ్ళీ ఎక్కించాను. అయినా అదే తంతు. ప్రింటరా అంటే, తెర మీదనే తప్పు కనబడుతున్నది. అప్పుడు ఒక పేజీ నిండా అంకెలు కొట్టి, సేవ్ చేసి, మూసి, తెరిచి చూశాను. మళ్ళీ మూశాను, తెరిచాను. రేకుల మీద ఎండ కాలుతున్నది, ఫ్యాన్ వేడిగాలి కొడుతున్నది. అంకెలు అక్కడక్కడా మారుతున్నాయి. నాలుగు ఐదవుతున్నది. రెండు మూడవుతున్నది. కాని ఐదు ఎక్కడా నాలుగు కావడం లేదు. మూడు ఎక్కడా రెండు కావడం లేదు.

మనిషి చేయి జారితే అటూ ఇటూ జారుతుంది. ఒకే వైపు జారదు.

కోర్సులో మాకు మొదటి వారమే చెప్పిన పాఠం గుర్తొచ్చింది. కంప్యూటర్ లోపల ప్రతి అక్షరం చిన్న చిన్న దీపాల వరుస లాంటిది. కొన్ని వెలిగి ఉంటాయి, కొన్ని ఆరి ఉంటాయి. నాలుగుకూ ఐదుకూ తేడా చివరి దీపం ఒక్కటే. ఆరి ఉంటే నాలుగు, వెలిగితే ఐదు. అక్షరాలదీ అదే సంగతి. మెమరీలో ఎక్కడో ఒక దీపం ఆరమంటే ఆరడం లేదు. వేడెక్కినప్పుడు అది అట్లాగే వెలిగి ఉండిపోతున్నది.

మూత విప్పాను. హైదరాబాదు నుంచి తెచ్చిన కొత్త జత మీద వేలు పెడితే ఒక చిప్పు చురుక్కుమంది. రెంటినీ తీసేసి, పాత మెమరీతోనే అదే అంకెల పేజీ తెరిచాను. నిదానంగా వచ్చింది, సరిగా వచ్చింది. ఆ మధ్యాహ్నమంతా మూస్తూ తెరుస్తూ కూర్చున్నాను. ఒక్క అంకె మారలేదు. మళ్ళీ కొత్త జత పెట్టాను. కాసేపటికి నాలుగు ఐదైంది. ఆపేసిన పరీక్షను సెట్టింగుల్లో మళ్ళీ పెట్టి, ఆ వేడి మీదనే మిషన్ ఆన్ చేశాను. అంకెలు పెరుగుతూ పెరుగుతూ మధ్యలో ఆగి, మెమరీ తప్పు అని తెర మీద రాసింది. నేను ఆపకుండా ఉంటే ఎప్పుడో ఒక మధ్యాహ్నం అక్కకే ఆ మాట కనబడేది.

చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, నాకు మొదట వచ్చింది సంతోషం. దొరికింది అని గట్టిగా అరిచాను. ఎవరికైనా చూపించాలనిపించి వెనక్కి తిరిగాను. జిరాక్స్ మిషన్ దగ్గర ఎవరూ లేరు. అప్పుడు ఆమె టిఫిన్ డబ్బా కండ్ల ముందుకు వచ్చింది. అన్నం మానేసి, కండ్లద్దాలు పెట్టుకుని, స్కేలు పట్టుకుని, ఆమె తన కండ్ల మీద, తన చేతుల మీద, తన తిండి మీద అనుమానపడింది. ఎందుకంటే నేను చెప్పాను కాబట్టి. తిరగబడి ఉంటే నాకు ఇంత కష్టం అనిపించేది కాదేమో. ఆమె నన్ను నమ్మింది.

షట్టర్ దించి అప్పుడే వాళ్ళింటికి వెళ్ళాను. గడప పక్కన చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తున్నది. అద్దాలు పెట్టుకునే ఉంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని నేనే నేల మీద కూర్చున్నాను.

"అక్కా, తప్పు నీది కాదు," అన్నాను. "నేను తెచ్చిన మెమరీది. ఎండకు వేడెక్కి అంకెలు మారుస్తుంది. నేను కొట్టినా గట్లనే వచ్చింది."

ఆమెకు విడమరిచి చెప్పాను. దీపాల సంగతి, ఐదు నాలుగు కాకపోవడం, అన్నీ. కత్తెర ఆపి విన్నది.

"అంటె నేను నాలుగే కొట్టిన అన్నట్టు," అంది చివరికి.

"నాలుగే కొట్టినవ్."

"పన్నెండే కొట్టిన."

"పన్నెండే కొట్టినవక్కా."

అద్దాలు తీసి చాటలో పెట్టింది. కండ్లు రెండు చేతులతో గట్టిగా రుద్దుకుంది. నేను తల దించుకున్నాను. క్షమించమని అడిగాను. రేపటి నుంచి రమ్మని అడిగాను. జీతం సంగతి ఏదో చెప్పబోతే చేయి అడ్డం పెట్టింది.

"రాను తమ్మీ. మళ్ళ నీ దగ్గర కూసుంటె అక్షరం అక్షరానికి నీ మొకం సూసుడే అయితది. గది నాతోని కాదు," అంది. కోపంగా అనలేదు. "ఒక్కటి చెయ్యి. గా హెడ్‌మాస్టర్ సారుకు చెప్పు. అందరి ముంగట నన్ను సూపెట్టినవు గద. ఆయనకు చెప్పు."

మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. ఆయన తన గదిలో కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చాడు. నేను చెప్పిందంతా విన్నాడు. తర్వాత నవ్వాడు.

"ఏమయ్యా, కంప్యూటర్ ఏడన్న తప్పు జేస్తదా? ఆడమనిషి పని పోయిందని పాపం అనిపించి ఆమె మీది తప్పు మిషన్ మీదికి నూకుతున్నవు. నీది మంచి మనసే. కాని నాకు చెప్పకు గివన్నీ."

నేను కాగితం తీసి నాలుగు, ఐదు రాసి, దీపాలు గీసి చూపించాను. ఎంత చెబితే అంత నా మంచితనంగానే తీసుకున్నాడు. ఆ రోజు దుకాణంలో అక్కను చూపించి నేనన్న అబద్ధాన్ని ఒక్క క్షణంలో నమ్మాడు. నిజం చెబితే గంట కూర్చున్నా నమ్మలేదు. బయటికి వస్తుంటే పిల్లలు ఆవరణలో ఆడుకుంటున్నారు. వాళ్ళలో ఆ లెక్క దగ్గర ఏడ్చిన పాప ఎవరో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

అక్కకు ఆ సంగతి చెప్పడం ఇంకా కష్టమైంది. "నమ్మలేదక్కా," అన్నాను.

"ఎట్ల నమ్ముతడు? నేనే నమ్మిన గద నాది తప్పని," అంది.

ఈలోపు నాకు మరో విషయం తెలిసింది. బీడీలకు ముందు ఆమె రెండు సెంటర్లలో పని అడిగిందట. ఆమె చేతి నిండా తప్పులని వాళ్ళకు అప్పటికే చేరింది. ఎవరి ద్వారా చేరిందో వేరే చెప్పనక్కరలేదు. మా రేకుల కింద నేను పది మంది ముందు అన్న మాటలే అవి. ఒక్కో సెంటర్‌కూ వెళ్ళి చెప్పాను. కొందరు విన్నారు, కొందరు హెడ్‌మాస్టరు లాగే నవ్వారు. కోర్టు దిక్కున్న సెంటర్ యజమాని మాత్రం పూర్తిగా విని, "మా మిషన్ కూడా ఒకపాలి గిట్లనే పరేషాన్ చేసింది. తోల్కరా ఆమెను," అన్నాడు. ఆమెను తోలుకొని నేను పోలేదు. ఆయన్నే అక్క ఇంటికి పంపాను. నేను వెంట ఉంటే అది నా దయలాగా ఉంటుందనిపించింది.

ఆమె అక్కడ చేరింది. ఆ యజమాని కనబడినప్పుడు పని చాలా సాఫుగా ఉందని, కాని స్పీడు లేదని, ఒక్కో పేజీ రెండుసార్లు చదువుతుందని చెప్పేవాడు. మునుపటి స్పీడు సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఆ వీధిలో పని పడితే చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి.

రెండేళ్ళ తర్వాత అనుకుంటా, ఒక పొద్దున ఆమె నా దుకాణానికి వచ్చింది. వాళ్ళ తమ్ముడి పెండ్లి కుదిరింది. పసుపు బొట్లు పెట్టిన కార్డు నా చేతికి ఇచ్చింది. నేను కూర్చోమన్నాను, చాయ్ తెప్పిస్తానన్నాను. కూర్చోలేదు.

"సదువు," అంది.

కార్డు విప్పాను. తనే కంపోజు చేసింది. పైన గణపతి నుంచి కింద బంధుమిత్రుల వరుస దాకా, తేదీలు, ముహూర్తం, సిరిసిల్లలో ఇంటి నంబరు, అన్నీ. ఆమె ఎదురుగా నిలబడి నా కండ్లనే చూస్తున్నది. నేను ఒక్క అక్షరం వదలకుండా చదివాను. చదువుతుంటే చెవులు వేడెక్కాయి.

"తప్పులున్నయా?"

"లేవక్కా."

"నాకెర్కే," అంది. "పెండ్లికి రా. పిల్లల్ని తోల్కొని రా."

వెళ్ళాం.